టీకాకు తోడు సైటోకైన్: కోళ్లలో ముప్పై ఏళ్ల ప్రయోగాల లెక్క

కోళ్ల షెడ్డులో టీకా వేయడం ఒక ఎత్తు, అది పట్టడం మరో ఎత్తు. కొక్కెర తెగులుకు లాసోటా చుక్క కంట్లో వేస్తారు, గంబోరో టీకాను నీళ్లలో కలిపి తాగిస్తారు, పెట్టలు గుడ్డుకు రాబోయే ముందు నూనె టీకా పొడిపిస్తారు. ఇవన్నీ వేళకు జరిగిన బ్యాచ్‌లోకి కూడా కొక్కెర తెగులు దూరి కోళ్లను రాల్చేయడం గోదావరి జిల్లాల లేయర్ రైతులకు గానీ, హైదరాబాద్ చుట్టుపక్కల బ్రాయిలర్ రైతులకు గానీ కొత్త సంగతి కాదు. చాలాసార్లు కారణాలు తెలిసినవే. సీసా చల్లదనం తప్పి ఉంటుంది, తాగునీటిలో క్లోరిన్ ఉండి ఉంటుంది, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకా వైరస్‌ను ముందే పట్టేసి ఉంటాయి, దాణాలోని బూజు విషం కోడి శక్తిని కుంగదీసి ఉంటుంది. ఇవేవీ లేనప్పుడు కూడా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. టీకా అందింది, కానీ కోడి ఒంట్లో స్పందనే చాలలేదు. ఆ స్పందనను నడిపించే సంకేత ప్రోటీన్లను టీకాతో పాటే ఇచ్చేస్తే ఎలా ఉంటుంది?

ఆ ప్రోటీన్లే సైటోకైన్లు. కోడి సైటోకైన్లను టీకాకు జోడించే పని 1990ల నడుమ మొదలైంది. ఈలోగా వ్యాసాలు చాలానే వచ్చాయి, ప్రయోగశాలలో విజయాలూ చాలానే కనబడ్డాయి. షెడ్డు దాకా వచ్చింది మాత్రం దాదాపు ఏమీ లేదు. ఎందుకు రాలేదో చూడటమే ఈ సమీక్ష పని. నా అంచనా ముందే చెప్పేస్తాను. ఇప్పటికే బాగా పనిచేస్తున్న టీకాను ఇంకా బలపరచడానికి సైటోకైన్ పెద్దగా అక్కరకు రాదు. సహజంగా బలహీనమైన టీకాలకు, ఇంకా పక్వానికి రాని పిల్లలకు అది ఉపయోగపడే వీలుంది. పరిశోధన చాలాకాలం ఈ తేడాను సరిగా పట్టించుకోలేదు.

టీకాకు ఏదో ఒకటి తోడుగా కలపడం పాత పద్ధతే. 1920లలో ఫ్రాన్స్‌లో గాస్టన్ రామోన్ అనే పశువైద్యుడు గుర్రాలకు టాక్సాయిడ్ సూదులు వేసేవాడు. సూది పొడిచిన చోట వాపు వచ్చిన గుర్రాల్లో యాంటీబాడీలు ఎక్కువగా ఉంటున్నాయని గమనించి, కావాలనే కర్రపెండలం పిండి వంటివి కలిపి వాపు తెప్పించాడు. ఇలా కలిపే పదార్థాలకే అడ్జువెంట్లని పేరు వచ్చింది. నేడు కోళ్ల కిల్డ్ వ్యాక్సిన్లలో చాలావరకు ఆ పని చేసేది మినరల్ ఆయిల్. దానితో ఇబ్బందులూ ఉన్నాయి. సూది చోట గడ్డ కట్టవచ్చు, మాంసం కోడిలో ఆ భాగం పనికిరాకుండా పోవచ్చు. యాంటీబాడీలు బాగా వస్తాయి గానీ, సోకిన కణాలను వెతికి చంపే టి కణాల స్పందన అంతగా రాదు. స్ప్రే చేయడానికీ, నీళ్లలో కలపడానికీ వీలుకాదు, ఒక్కో కోడినీ పట్టుకోవాల్సిందే. రామోన్ చూసిన వాపు ఎందుకు పనికొచ్చిందో తర్వాతి తరాలకు అర్థమైంది. వాచిన చోట కణాలు సైటోకైన్లను విడుదల చేస్తాయి. అలాంటప్పుడు వాపుతో పనేముంది, సైటోకైన్‌నే ఇద్దాం అన్నది ఈ పరిశోధన మొత్తానికి మూలమైన ఆలోచన. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది.

సైటోకైన్ పనితీరు ఊళ్లో వేసే దండోరా లాంటిది. డప్పు వినపడే మేర వరకే దాని ప్రభావం. వేళ దాటాక వేస్తే ఎవరికీ అక్కరకు రాదు, రోజంతా వేస్తూ ఉంటే జనం పట్టించుకోవడం మానేస్తారు. వీటిలో చాలావాటికి రక్తంలో ఆయుష్షు నిమిషాల్లోనో గంటల్లోనో ఉంటుంది. ఒక్కోదానిది ఒక్కో కబురు. ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా వైరస్ వస్తోందని చుట్టుపక్కల కణాలను మేల్కొలుపుతుంది. ఇంటర్‌ఫెరాన్-గామా మాక్రోఫేజ్‌లను రెచ్చగొట్టి, టి కణాల స్పందనను సోకిన కణాల మీదికి మళ్లిస్తుంది. ఐఎల్-2 (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకిన్) టి కణాలను పెంచుతుంది. ఐఎల్-12, ఐఎల్-18 గామాను విడుదల చేయిస్తాయి. ఐఎల్-1 జ్వరానికీ వాపుకూ తెర తీస్తుంది.

విచిత్రమేమంటే, ఈ శాస్త్రంలో పేరున్న మొట్టమొదటి ప్రోటీన్ దొరికింది కోడిగుడ్డులోనే. 1957లో లండన్ శివారు మిల్ హిల్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేడితో చంపిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను పొదిగే గుడ్డులోని పొరల మీద పోసి చూశారు. ఆ పొరలు ఏదో పదార్థాన్ని విడుదల చేశాయి. అది తగిలిన కొత్త పొరల్లో బతికున్న వైరస్ పెరగలేకపోయింది. దానికే ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. అప్పటికి ఒక ఏడాది ముందే అమెరికాలో బ్రూస్ గ్లిక్ బృందం మరో సంగతి బయటపెట్టింది. కోడి మలద్వారం దగ్గరుండే బర్సా అనే చిన్న సంచిని పిల్లప్పుడే తీసేస్తే ఆ కోడి యాంటీబాడీలు తయారు చేయలేదు. ఒక ప్రసిద్ధ పత్రిక తిప్పి పంపిన ఆ వ్యాసం పౌల్ట్రీ శాస్త్ర పత్రికలో అచ్చయింది. యాంటీబాడీలు చేసే కణాలకు బి కణాలని పేరు రావడానికి ఆ బర్సాయే కారణం. మనిషి రోగనిరోధక శాస్త్రానికి ఇంత ఇచ్చిన కోడి, తన సొంత సైటోకైన్ల విషయంలో మాత్రం దశాబ్దాలు వెనకబడింది.

వెనకబాటుకు కారణం జన్యువుల్లోనే ఉంది. కోడి సైటోకైన్లు మనిషి, ఎలుక సైటోకైన్లతో అమైనో ఆమ్లాల వరుసలో చాలాసార్లు మూడో వంతు కూడా కలవవు. మనిషి ఇంటర్‌ల్యూకిన్ కోడి మీద పనిచేయదు, ఎలుక జన్యువును ఎరగా వేసి కోడి జన్యువును పట్టడం కుదరదు. 1994లో కోడి ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా జన్యువు దొరికింది. 1995లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓకు చెందిన జాన్ లోవెంథాల్ బృందం జీలాంగ్‌లో ఇంటర్‌ఫెరాన్-గామాను పట్టుకుంది. 1997లో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఐఎల్-2 దొరికింది. దాన్ని పట్టుకున్న రాయ్ సండిక్ అసలు పని కోళ్లలో తమ శరీరమే తమ థైరాయిడ్‌ను తినేసే జబ్బు మీద. టీకాల కోసం వెతికిన మనిషి కాదు. 2004 డిసెంబరులో కోడి జీనోమ్ వెలువడ్డాక మిగతావి బారులుగా బయటపడ్డాయి. బ్రిటన్‌లో పీట్ కైజర్ వంటివారు వాటిని వరుసపెట్టి గుర్తించారు.

జీనోమ్ చెప్పిన మరో విషయం, కోడి అంటే రెక్కలున్న ఎలుక అనుకోకూడదని. కోడికి క్షీరదాల్లో ఉండేటటువంటి లింఫు గ్రంథులు లేవు. ఐజీఈ యాంటీబాడీ లేదు. ఐఎల్-5 జన్యువు ఉన్నా పనిచేసే రూపంలో లేదు. వాపుకు కీలకమైన టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అసలు కోడిలో లేదనే చాలాకాలం అనుకున్నారు. 2018లో గానీ అది బయటపడలేదు. ఇన్‌ఫ్లుయెంజా ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే రిగ్-ఐ అనే జన్యువు బాతుకు ఉంది, కోడికి లేదు. ఒకే వైరస్ బాతులో పెద్దగా లక్షణాలు చూపకుండా కోడిని చంపేయడానికి ఇదొక కారణమని 2010 నాటి పరిశోధన సూచించింది. ఎలుకల్లో ఫలానా సైటోకైన్ పనిచేసింది కాబట్టి కోడిలోనూ పనిచేస్తుందన్న వాదన ఇక్కడే తేలిపోతుంది. ఆ జాగ్రత్త తొలి వ్యాసాల్లో అంతగా కనబడదు.

తొలి ఫలితాలు ఉత్సాహపరిచాయి. 1998లో లోవెంథాల్ బృందం గొర్రె ఎర్ర రక్తకణాలను యాంటిజెన్‌గా తీసుకుని, దానితో పాటు ఇంటర్‌ఫెరాన్-గామా ఇస్తే యాంటీబాడీలు ఎక్కువ కాలం నిలుస్తున్నాయని, తక్కువ యాంటిజెన్‌తోనే పని జరుగుతోందని చూపింది. కోళ్ల అడినోవైరస్‌లో ఆ జన్యువును పెట్టి కోళ్లకు ఇచ్చినప్పుడు బరువు కూడా మెరుగ్గా పెరిగింది, రక్తపారుడు తెచ్చే ఐమీరియా సోకించినా బరువు నష్టం తగ్గింది. 2004లో ఈ బృందం రాసిన సమీక్షలో పక్షుల టీకాలకు సైటోకైన్లే రేపటి అడ్జువెంట్లన్న ఆశ కనిపిస్తుంది.

అమెరికాలో మేరీల్యాండ్‌లోని బెల్ట్స్‌విల్ ప్రభుత్వ కేంద్రంలో హ్యూన్ లిల్లెహోయ్ బృందం ఐమీరియా మీదే మరో దారి పట్టింది. ఈ పరాన్నజీవికి బతికున్న పరాన్నజీవులతోనే చేసే టీకా పనిచేస్తుంది. డీఎన్‌ఏ టీకా ఒంటరిగా బలహీనం. ఐమీరియా ప్రోటీన్ ఒకదాని జన్యువుతో చేసిన డీఎన్‌ఏ టీకాకు ఐఎల్-1, ఐఎల్-2, ఐఎల్-8, ఐఎల్-15, ఇంటర్‌ఫెరాన్లు, లింఫోటాక్టిన్ వంటి ఎనిమిది సైటోకైన్ జన్యువులను విడివిడిగా జోడించి, 2001లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని పనిచేశాయి. అయితే బరువును కాపాడిన సైటోకైన్ల జాబితా, రెట్టలో పరాన్నజీవి గుడ్లను తగ్గించిన జాబితా ఒకటి కాలేదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యమైనది. రైతుకు కావలసింది బరువు. పక్క షెడ్డుకు కావలసింది రెట్టలో పరాన్నజీవి తగ్గడం. ఏది పనిచేసిందో చెప్పే ముందు ఎవరికి అని అడగాలి.

కోళ్లలో కణితులు తెచ్చే మారెక్ జబ్బు విషయంలో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో షాయాన్ షరీఫ్ బృందం టర్కీ హెర్పిస్ వైరస్ టీకాకు ఇంటర్‌ఫెరాన్-గామా జన్యువున్న ప్లాస్మిడ్‌ను తోడిచ్చి, తీవ్రమైన మారెక్ వైరస్ సోకించినప్పుడు కణితులు తగ్గడాన్ని 2011లో చూపింది. అంతకు నాలుగేళ్ల ముందే, ఐఎల్-2 జన్యువును మోసే టర్కీ హెర్పిస్ వైరస్‌ను గుడ్డులోనే ఇస్తే గంబోరో, ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ టీకాల రక్షణ పెరిగిందని ఇంకో బృందం తేల్చింది. దక్షిణ కొరియాలో బలహీనపరిచిన సాల్మొనెల్లా బ్యాక్టీరియా చేత కోడి ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫానూ ఐఎల్-18నూ తయారు చేయించి నోటి ద్వారా ఇచ్చారు. హెచ్9ఎన్2 ఫ్లూ లక్షణాలు తగ్గాయి, కొక్కెర తెగులు, ఫ్లూ టీకాల స్పందన మారింది. ఇవన్నీ నిజమైన ఫలితాలే. చిన్న ప్రయోగాలు, శుభ్రమైన ఐసొలేటర్లు, రోగకారకాలు లేని గుడ్ల నుంచి పుట్టిన కోళ్లు అన్నది కూడా నిజమే.

అసలు పరీక్ష కొక్కెర తెగులు దగ్గర ఎదురైంది. 2016లో అమెరికాలో స్టివాలిస్ కార్డెనాస్-గార్సియా, సహచరులు ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో నేను అన్నిటికన్నా ఎక్కువ బరువిచ్చే వ్యాసం. ఒకే సైటోకైన్, ఇంటర్‌ఫెరాన్-గామా. ఇచ్చిన దారులు మూడు. ఒకటి, వైరస్ ఎఫ్ ప్రోటీన్‌కు చేసిన డీఎన్‌ఏ టీకాతో కలిపి. రెండు, ఆ సైటోకైన్ జన్యువునే లోపల పెట్టుకున్న బతికున్న వైరస్ టీకాగా, గుడ్డులోనూ పెరిగే కోళ్లలోనూ. మూడు, అదే వైరస్‌ను చంపి కిల్డ్ వ్యాక్సిన్‌గా. డీఎన్‌ఏ టీకాతో కలిపి ఇచ్చినప్పుడు, అసలు రోగం సోకించాక జబ్బూ చావులూ పెరిగాయి, కోళ్లు బయటికి వదిలే వైరస్ కూడా ఎక్కువైంది. బతికున్న టీకాలో యాంటీబాడీలు పెరగలేదు, రక్షణ మారలేదు. తక్కువ మోతాదు కిల్డ్ వ్యాక్సిన్‌లో యాంటీబాడీలు ఇంకా తగ్గాయి. టీకాతో ఒకేసారి ఇచ్చినప్పుడు ఏ దారిలోనూ మేలు కనబడలేదని రచయితలు నిర్మొహమాటంగా తేల్చారు. వ్యతిరేక ఫలితాన్ని ఇంత పూర్తిగా అచ్చు వేయడం ఈ రంగంలో అరుదు. పది విజయ వ్యాసాల కన్నా ఇలాంటి ఒక్క వ్యాసం వల్లనే మనకు ఎక్కువ తెలుస్తుంది.

ఒకే ప్రోటీన్ మారెక్‌లో మేలు చేసి కొక్కెర తెగులులో కీడు ఎలా చేసింది? దీనికి ఒకే జవాబు లేదు గానీ, ఆలోచించదగిన కారణాలున్నాయి. మారెక్ వైరస్ కణాల లోపలే దాక్కుని కణం నుంచి కణానికి పాకుతుంది కాబట్టి అక్కడ టి కణాల పాత్ర పెద్దది. గామా నెట్టేది అటువైపే. కొక్కెర తెగులు వైరస్‌ను ఆపడంలో ఎఫ్, హెచ్‌ఎన్ ప్రోటీన్లకు వచ్చే యాంటీబాడీలది పైచేయి. స్పందనను అటు నుంచి పక్కకు మళ్లిస్తే నష్టమే. ఇక బతికున్న టీకాతో ఇంటర్‌ఫెరాన్‌ను, ముఖ్యంగా ఆల్ఫాను ఇవ్వడంలో ఇంకో చిక్కు ఉంది. ఆ టీకా పనిచేయాలంటే టీకా వైరస్ కోడి ఒంట్లో కొంత పెరగాలి. ఇంటర్‌ఫెరాన్ దాన్ని పెరగనివ్వదు. అడ్జువెంట్ అనుకుని కలిపిన పదార్థం టీకానే చంపేయవచ్చు. అమెరికాలో ఫిలిప్ మార్కస్ 1999లో ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫాను తాగునీటిలో ఇచ్చి కొక్కెర తెగులు తీవ్రతను తగ్గించాడు. అది మందుగా మంచి ఫలితం. టీకా రోజున అదే నీళ్లు తాగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

బ్రాయిలర్ విషయంలో ఇంకో ఖర్చు కూడా ఉంది, దాన్ని రోగనిరోధక శాస్త్రవేత్తలు తరచూ మరిచిపోతారు. స్పందన అంటే మేత ఖర్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కిర్క్ క్లాసింగ్ 1980ల నుంచి చూపింది ఇదే. ఐఎల్-1 పెరిగితే కోడి మేత తగ్గిస్తుంది, కండర ప్రోటీన్ కరిగిపోతుంది. 40 రోజులకు అమ్మేసే కోడిలో రెండు మూడు రోజులు మేత తగ్గితే ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువుకు పట్టే మేత లెక్క తప్పుతుంది. వాపు కలిగించే సైటోకైన్లను అడ్జువెంట్‌గా వాడదామన్నవారు తూకం కూడా చూపాలి.

మోతాదు, వేళ తప్పితే కలిగే అనర్థానికి కోళ్ల బయట ఒక ఉదాహరణ ఉంది, ఈ రంగంలోని ప్రతి ఒక్కరికీ అది తెలిసి ఉండాలి. ఆస్ట్రేలియాలో ఎలుకల సంతతిని తగ్గించే టీకా కోసం ప్రయత్నిస్తున్న కాన్‌బెర్రా శాస్త్రవేత్తలు ఎలుకల మశూచి వైరస్‌లో ఐఎల్-4 జన్యువును పెట్టారు. యాంటీబాడీలు పెరుగుతాయని వారి ఉద్దేశం. ఆ వైరస్ సహజంగా తట్టుకునే జాతి ఎలుకలను చంపేసింది, ముందే టీకా వేసిన ఎలుకల రక్షణను కూడా ఛేదించింది. 2001లో అచ్చయిన ఆ ఫలితం జీవాయుధాల చర్చకే దారి తీసింది. బతికున్న వైరస్‌లో సైటోకైన్ జన్యువు పెట్టి షెడ్డులోకి వదలడమంటే ఆషామాషీ కాదని చెప్పడానికి ఇంకో ఉదాహరణ అక్కర్లేదు. జన్యువును మోసే కోడి హెర్పిస్, పాక్స్ వెక్టార్లన్నీ ప్రమాదకరమని నేను అనడం లేదు. రోగకారకం కాని టర్కీ హెర్పిస్ వైరస్‌లో గంబోరో జన్యువు పెట్టిన టీకాలు మన దేశంలోనూ వాడుకలో ఉన్నాయి. యాంటిజెన్ జన్యువు పెట్టడం వేరు, స్పందన దిశనే మార్చే జన్యువు పెట్టడం వేరు. అనుమతి ఇచ్చేవారు ఈ రెంటినీ ఒకే కళ్లద్దాలతో చూడకూడదు.

మరి ఎక్కడ నమ్మకం పెట్టుకోవచ్చు? కొత్తగా పుట్టిన పిల్ల దగ్గర అని నా సమాధానం. పిల్ల గుడ్డు నుంచి బయటికి వచ్చిన తొలి రోజుల్లో దాని టి కణాలు సరిగా స్పందించవని, ఐఎల్-2ను సరిగా విడుదల చేయలేవని లోవెంథాల్ బృందమే 1994లో చూపింది. కొరత ఉన్న చోట సంకేతాన్ని బయటి నుంచి ఇవ్వడంలో అర్థముంది. 21 రోజుల పొదుగులో 18వ రోజున గుడ్డులోకే టీకా పంపే పద్ధతిని 1982లో జె.ఎం. శర్మ, బెన్ బర్మెస్టర్ మారెక్ జబ్బు మీద చూపారు. తర్వాత యంత్రాలు వచ్చి అమెరికా బ్రాయిలర్ హేచరీల్లో అదే మామూలైపోయింది. మన హేచరీల్లో చాలా చోట్ల ఇంకా పిల్ల పుట్టాకే మెడ చర్మం కింద మారెక్ టీకా పొడుస్తున్నారు. గుడ్డు టీకా ఇక్కడ బాగా పాతుకుంటే తప్ప సైటోకైన్ మాట ఎత్తడం తొందరపాటే.

తల్లి యాంటీబాడీలున్న పిల్ల మీద ప్రయోగాలు మాత్రం చాలా తక్కువ. ప్రయోగశాలల్లో వాడే రోగరహిత పిల్లలకు ఆ యాంటీబాడీలు ఉండవు. మన షెడ్డుకు వచ్చే పిల్లలకు నిండుగా ఉంటాయి, గంబోరో టీకా ఎప్పుడు వేయాలన్న తలనొప్పి అక్కడి నుంచే పుడుతుంది. ఆ అడ్డును దాటించగల సైటోకైన్ ఏదైనా ఉంటే దానికి నిజమైన విలువ ఉంటుంది. ఇంకో గట్టి హద్దు కూడా ఉంది. గంబోరో వైరస్ బర్సాలోని బి కణాలనే తినేస్తుంది. చిన్న వయసులోనే ఆ జబ్బు తగిలిన కోడికి ఎన్ని సైటోకైన్లిచ్చినా, ఆ దండోరా వినాల్సిన కణాలే మిగిలి ఉండవు.

కొలత సంగతి మరీ ముఖ్యం. ఈ వ్యాసాల్లో చాలావాటిలో విజయమంటే రెండు మూడు వారాలకు హెచ్‌ఐ టైటర్, అంటే రక్తంలో యాంటీబాడీల కొలత, పెరగడం. టైటర్ ఉపయోగమైన కొలతే, మన ల్యాబుల్లోనూ రైతులు చూపించుకునేది అదే. కానీ టైటర్ పెరిగి, సోకిన కోడి వదిలే వైరస్ తగ్గకపోతే ఏమవుతుందో మారెక్ జబ్బు చూపించింది. 2015లో ఆండ్రూ రీడ్, సహచరులు అచ్చువేసిన ప్రయోగంలో, టీకా వేసిన కోళ్లు చావకుండా బతికి, అతి తీవ్రమైన మారెక్ రకాలను చుట్టూ పంచిపెట్టాయి. టీకా లేకపోతే ఆ రకాలు తమను మోసే కోళ్లను చంపి తామూ ఆగిపోయేవి. కోడిని కాపాడి వైరస్‌ను ఆపని టీకాకు సైటోకైన్ కలిపి దాన్ని ఇంకాస్త కాపాడేలా చేస్తే ఎవరికి లాభం? కాబట్టి సైటోకైన్ వ్యాసాల్లో నేను ముందు చూసేది టైటర్ పట్టిక కాదు, రోగం సోకించాక గొంతు, మలద్వారం నుంచి తీసిన నమూనాల్లో వైరస్ ఎంత ఉందన్న పట్టిక. అది లేని వ్యాసాన్ని ఆసక్తికరమైన ప్రారంభంగా మాత్రమే తీసుకోవాలి.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పిల్లుల ఇంటర్‌ఫెరాన్-ఒమేగాను పట్టుపురుగుల్లో తయారు చేసి మందుగా అమ్ముతున్నారు, 2001 నుంచి ఐరోపాలో అనుమతి ఉంది. పాడి ఆవులకు ఈనే సమయంలో వచ్చే పొదుగు వాపు తగ్గించడానికి తెల్లరక్తకణాలను పెంచే సైటోకైన్‌కు 2016లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఆ ధరలను ఆవు యజమాని భరించగలడు, పెంపుడు పిల్లిని మనిషిలా చూసుకునేవారు భరించగలరు. కోడి టీకా లెక్క వేరు. ఒక్కో డోసు పైసల్లోనో, ఒకట్రెండు రూపాయల్లోనో ముగియాలి. శుద్ధి చేసిన ప్రోటీన్‌ను పది వేల కోళ్లకు సూదితో ఇవ్వడం ఎవరి వల్లా కాదు. అందుకే వెక్టార్ వైరస్‌లు, డీఎన్‌ఏ, నోటి బ్యాక్టీరియా వంటి దారులు వెతుకుతున్నారు. వాటితో జన్యుమార్పిడి అనుమతుల చిక్కు వస్తుంది. జనం అనుమానం కూడా తక్కువేమీ కాదు. కోళ్లకు హార్మోన్ సూదులు వేస్తారన్న అపోహ తెలుగు నాట ఇప్పటికీ పోలేదు. దాని పక్కన ఇంటర్‌ఫెరాన్ అన్న పేరు చేరితే దుమారం ఖాయం. సైటోకైన్ ప్రోటీనే, వండితే విరిగిపోతుంది, తింటే అరిగిపోతుంది. కానీ ఆ మాట చెప్పే బాధ్యత కంపెనీ మీదే ఉంటుంది.

ఈ ఇబ్బందులన్నీ చూసి కొందరు పక్కదారి పట్టారు. సైటోకైన్‌ను బయటి నుంచి ఇవ్వకుండా, కోడే తనకు కావలసిన మోతాదులో విడుదల చేసుకునేలా అలారం మోగించడం. బ్యాక్టీరియా డీఎన్‌ఏలో కనిపించే సీపీజీ అనే వరుసలను కోడి టోల్ గ్రాహకాలు అపాయ సంకేతంగా గుర్తిస్తాయి. కెనడాలోని సస్కాచెవన్ విశ్వవిద్యాలయంలో సుశాంత గోమిస్ బృందం వాటిని గుడ్డులోనే ఇచ్చి, పుట్టిన పిల్లలు ఈ.కోలై వంటి బ్యాక్టీరియాను మెరుగ్గా తట్టుకోవడం చూపింది. ఇది చవక, ప్రోటీన్ కన్నా నిలకడైనది. జన్యుమార్పిడి సూక్ష్మజీవి అవసరం లేదు. ఎప్పుడు, ఎంత, ఎక్కడ అన్న లెక్క కోడి శరీరానికే వదిలేస్తుంది. నా పందెం దీని మీదే. సైటోకైన్ల పరిశోధన వృథా అయిందని దీని అర్థం కాదు. ఏ సంకేతం ఏ జబ్బుకు మేలో ఆ పరిశోధన చెప్పకపోతే, అలారం సరైన స్పందన తెస్తోందో లేదో కొలిచే కొలబద్దే మన దగ్గర ఉండేది కాదు.

ఇక మన ప్రాంతం. 2022-23లో దేశంలో సుమారు 13,838 కోట్ల గుడ్లు ఉత్పత్తయితే అందులో ఐదో వంతు ఆంధ్రప్రదేశ్‌వి. మొదటి మూడు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. ఇంత పరిశ్రమ ఉన్న చోట ఈ పరిశోధనకు చోటు ఉండటం న్యాయమే. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి కోళ్లనిచ్చింది. వ్యాక్సిన్ కంపెనీలూ హైదరాబాద్‌లో ఉన్నాయి. కానీ 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి మండలాల్లో హెచ్5ఎన్1 వచ్చినప్పుడు కావలసింది సైటోకైన్ కాదు. నమూనా త్వరగా భోపాల్‌లోని పరీక్షా ల్యాబుకు చేరడం, జబ్బు కోళ్లు షెడ్డు దాటకుండా ఆపడం. తీవ్రమైన బర్డ్ ఫ్లూకు మన దేశం టీకా దారి పట్టలేదు, గుర్తించి చంపి పూడ్చడమే విధానం. పెరటి కోళ్ల కొక్కెర తెగులు విషయంలోనూ ముందు కావలసింది సైటోకైన్ కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్ప్రాడ్‌బ్రో బృందం పేద దేశాల కోసం తయారు చేసిన, వేడిని తట్టుకునే ఐ-2 టీకా వంటిది పల్లెకు చేరితే ఒక్క సైటోకైన్ కూడా లేకుండా వేల కోళ్లు బతుకుతాయి. పరిశోధన డబ్బు పరిమితం. ఏ ప్రశ్నకు ముందు జవాబు కావాలో ఎంచుకోవాలి.

మన శాస్త్రవేత్తలు సైటోకైన్ల మీద పని చేయాలనుకుంటే ఒక్క ప్రయోగం అడుగుతాను. రోగరహిత పిల్లలు వద్దు. తల్లి యాంటీబాడీలున్న మామూలు బ్రాయిలర్ పిల్లల్లో, ఏప్రిల్ ఎండలో, మామూలు దాణా మీద, గంబోరో టీకాకు తోడుగా ఒక్క సంకేతాన్ని వేర్వేరు రోజుల్లో ఇచ్చి, టైటర్‌తో పాటు బర్సా బరువు, బయటికి పోయే వైరస్, అమ్మకం రోజు తూకం నాలుగూ కొలవాలి. వ్యతిరేక ఫలితం వచ్చినా అచ్చు వేయాలి.

రైతుకు చెప్పదగ్గది చిన్న మాట. కోళ్ల టీకాను బలపరిచే ఇంటర్‌ఫెరాన్ అనో, ఇమ్యూన్ బూస్టర్ అనో ఎవరైనా సీసా చేతిలో పెడితే మూడు ప్రశ్నలు అడగండి. ఏ టీకాతో, ఏ వయసు కోడిలో, ఏ వైరస్ సోకించి చూశారు? కాగితం మీద టైటర్ ఒక్కటే చూపిస్తే ఆ సీసా తిరిగి ఇచ్చేయండి, ఆ డబ్బుతో టీకా ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ పెట్టించుకోండి.